ఆగస్ట్ హోర్ష్

ఆగస్ట్ హోర్ష్ (1868 అక్టోబర్ 12 - 1951 ఫిబ్రవరి 3) జర్మనీ దేశానికి చెందిన ప్రసిద్ధ ఇంజనీరు, పారిశ్రామికవేత్త. జర్మన్ మోటారు వాహన పరిశ్రమకు పునాదులు వేసిన తొలి తరము వారిలో ఇతడు ఒకడు. హోర్ష్, ఆడి అనే రెండు కార్ల తయారీ సంస్థలను స్థాపించాడు. మొదటి సంస్థ నుండి బయటికి వచ్చిన తరువాత తన సొంత పేరును వాడుకునే హక్కును న్యాయస్థానములో కోల్పోయాడు. ఆ పేరునే లాటిన్ భాషలోకి మార్చగా ఏర్పడినదే ఆడి. నాలుగు వలయాల గుర్తుతో ప్రపంచమంతటా పేరు పొందిన ఈ సంస్థ చరిత్రను ఇతని జీవితము నుండి వేరు చేసి చూడలేము.

బాల్యము, విద్యాభ్యాసము

ఆగస్ట్ హోర్ష్ మోజెల్ నదీతీరములో, ద్రాక్షతోటలకు పేరుగన్న విన్నింగెన్ అనే గ్రామములో జన్మించాడు. తండ్రి కమ్మరి. కొలిమి పని ఆ కుటుంబానికి జీవనాధారము. హోర్ష్ కూడా బాల్యములోనే సమ్మెట పట్టి తండ్రి వృత్తిని నేర్చుకున్నాడు. పని నేర్చిన యువకులు ఊరూరా తిరిగి వేర్వేరు చోట్ల పనిచేసి అనుభవము గడించడము ఆనాటి జర్మనీలో చేతివృత్తుల వారి ఆచారము. హోర్ష్ కూడా అలాగే బయలుదేరి జర్మనీ సరిహద్దులు దాటి ఆగ్నేయ ఐరోపా దేశాలలో పనిచేశాడు. కొంతకాలము రైలు మార్గాల నిర్మాణములో కూడా పాల్గొన్నాడు.

చేతిపనితోనే ఆగిపోకుండా ఇంజనీరింగు చదవాలని నిశ్చయించుకొని 1888లో సాక్సనీ ప్రాంతములోని మిట్‌వైడా సాంకేతిక విద్యాలయములో చేరాడు. 1891లో చదువు ముగించాడు. తరువాత రోస్టాక్ నగరములోని నౌకా నిర్మాణ కేంద్రములోను, లైప్‌జిగ్‌లోను యంత్రాల రూపకల్పనలో పనిచేశాడు. ఇనుమును చేతితో వంచడము, దాని బలాన్ని కాగితము మీద లెక్క కట్టడము రెండూ తెలిసిన మనిషి కావడము తరువాతి కాలములో ఇతనికి ఎంతో ఉపయోగపడింది.

బెంజ్ సంస్థలో ఉద్యోగము

పెట్రోలు ఇంజనుతో నడిచే వాహనానికి 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మాన్‌హైమ్ నగరములో కర్మాగారము నడుపుతుండేవాడు. హోర్ష్ 1896లో ఆ సంస్థలో చేరాడు. కొద్దికాలములోనే మోటారు వాహనాల నిర్మాణ విభాగానికి అధిపతి అయ్యాడు.

బెంజ్ పట్ల హోర్ష్‌కు జీవితాంతము గౌరవము ఉండేది. కాని వాహనాల రూపకల్పనలో వారి అభిప్రాయాలు కలవలేదు. బెంజ్ తాను నిరూపించిన పద్ధతులను వదులుకోవడానికి సులభముగా అంగీకరించేవాడు కాదు. ఆనాటి బెంజ్ వాహనాలు చాలావరకు గుర్రపు బగ్గీ ఆకారములోనే ఉండి, ఇంజను వెనుక భాగములో అమర్చబడి ఉండేది. ఇంజనును ముందుకు తీసుకురావాలని, వాహనాన్ని మరింత వేగముగా, మరింత నిదానమైన కుదుపులతో నడిచేటట్లు చేయాలని హోర్ష్ భావించాడు. ఈ ఆలోచనలకు అక్కడ అవకాశము లేదని గ్రహించి 1899లో ఉద్యోగము మానివేశాడు.

హోర్ష్ సంస్థ స్థాపన

1899 నవంబర్ 14న కొలోన్ నగరములోని ఎహ్రెన్‌ఫెల్డ్ ప్రాంతములో ఆగస్ట్ హోర్ష్ తన పేరుతోనే ఒక సంస్థను స్థాపించాడు. సాలీ హెర్జ్ అనే వస్త్రవ్యాపారి పెట్టుబడి సమకూర్చాడు. మొదట మరమ్మతు పనులతో ప్రారంభమైన ఈ సంస్థ, 1901 ఆరంభములో తన తొలి కారును రోడ్డు మీదకు తెచ్చింది. ఆ కారులో రెండు సిలిండర్ల ఇంజను ముందు భాగములో ఉండేది. పిస్టన్ల కదలికల వలన కలిగే కుదుపు ఒకదానినొకటి రద్దు చేసుకునే విధముగా దానిని రూపొందించారు.

కర్మాగారము 1902లో సాక్సనీలోని రైఖెన్‌బాఖ్ పట్టణానికి మారింది. 1904లో అదే ప్రాంతములోని జ్వికావు పట్టణములో వాటాల కంపెనీగా మారి స్థిరపడింది. నేతమిల్లులు, యంత్ర పరిశ్రమలు, నైపుణ్యము గల కార్మికులు సమృద్ధిగా ఉన్న సాక్సనీ అప్పటికే జర్మనీలో ప్రధాన పారిశ్రామిక ప్రాంతము.

హోర్ష్ కార్ల ప్రత్యేకత నాణ్యతలో ఉండేది. ఎంత ఖర్చు అయినా, ఎటువంటి పరిస్థితిలోనైనా, మంచి పనితనము గల పెద్ద కార్లనే తయారు చేయాలన్నది ఇతని సిద్ధాంతము. ఇతడు అనుసరించిన పద్ధతులలో ముఖ్యమైనవి:

* ఇంజను శక్తిని వెనుక చక్రాలకు అందించడానికి చాలామంది తయారీదారులు గొలుసులు లేదా తోలు పట్టీలు వాడుతున్న రోజులలో, హోర్ష్ త్వరలోనే తిరిగే షాఫ్టును వాడుకలోకి తెచ్చాడు. గొలుసులు దుమ్ము పట్టి సాగిపోయేవి, తెగిపోయేవి. షాఫ్టుకు ఆ బాధ లేదు.
* గేర్లు త్వరగా అరిగిపోకుండా క్రోమియము, నికెలు కలిపిన ఉక్కును ఉపయోగించాడు.
* ఇంజను అడుగు పెట్టెను తేలికైన మిశ్రమ లోహముతో పోత పోయించాడు.

1906లో జరిగిన హెర్కోమర్ పోటీ ఈ సంస్థకు గొప్ప పేరు తెచ్చింది. చిత్రకారుడు హుబెర్ట్ ఫాన్ హెర్కోమర్ పేరు మీద నిర్వహించిన ఈ పోటీ దూరప్రయాణములో కార్ల సామర్థ్యాన్ని పరీక్షించేది. జ్వికావు నివాసి అయిన డాక్టర్ రుడాల్ఫ్ స్టోస్ 22 అశ్వశక్తి గల హోర్ష్ కారును నడిపి, అంతకంటే శక్తివంతమైన కార్లను వెనుకకు నెట్టి విజయము సాధించాడు.

సొంత సంస్థ నుండి నిష్క్రమణ

వాటాల కంపెనీగా మారిన తరువాత సంస్థపై హోర్ష్ అధికారము తగ్గిపోయింది. ఇతడు ఇంజనీరు. కారులోని లోపాన్ని సరిచేయడానికి అయ్యే ఖర్చును లెక్క చేసేవాడు కాదు. పోటీలలో పాల్గొనడము ద్వారానే కారు బలాబలాలు తెలుస్తాయని నమ్మి అందుకు ధారాళముగా వ్యయము చేసేవాడు. డబ్బు లెక్కలు చూసే నిర్వాహకులకు, పర్యవేక్షక మండలి సభ్యులకు ఇది నచ్చలేదు. 1906 విజయము తరువాతి పోటీలలో ఆశించిన ఫలితాలు రాలేదు. ఎంతో ఖర్చుతో తయారు చేసిన ఆరు సిలిండర్ల కారు కూడా నిరాశ కలిగించింది. విభేదాలు ముదిరి 1909 జూన్‌లో హోర్ష్ తాను స్థాపించిన సంస్థ నుండి బయటికి రావలసి వచ్చింది. అప్పటికి ఇతని వయస్సు 40 సంవత్సరాలు.

ఒక నెల తిరగక ముందే, 1909 జూలై 16న, మిత్రుల సహాయముతో జ్వికావులోనే రెండవ కార్ల సంస్థను ప్రారంభించాడు. దానికి కూడా తన పేరే పెట్టాడు. ఒకే పట్టణములో ఒకే పేరుతో రెండు కార్ల కర్మాగారాలు ఏర్పడడముతో పాత సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. హోర్ష్ అనే పేరు వ్యాపార చిహ్నముగా తమదని ఆ సంస్థ వాదించింది. వివాదము లైప్‌జిగ్‌లోని అత్యున్నత న్యాయస్థానము వరకు వెళ్ళింది. తీర్పు హోర్ష్‌కు వ్యతిరేకముగా వచ్చింది. తల్లిదండ్రుల నుండి వచ్చిన పేరు తన దగ్గరే ఉన్నా, తాను తయారు చేసిన కారు మీద ఆ పేరు వ్రాసుకునే హక్కు ఇతనికి లేకుండా పోయింది.

ఆడి అనే పేరు

కొత్త పేరు కోసము హోర్ష్, అతని మిత్రులు ఫ్రాంజ్ ఫికెన్షర్ అనే మిత్రుని ఇంట్లో సమావేశమయ్యారు. హోర్ష్ తన ఆత్మకథలో తెలిపిన ప్రకారము, ఆ సమయములో ఫికెన్షర్ కుమారుడు గదిలో ఒక మూల కూర్చొని లాటిన్ పాఠాలు చదువుకుంటున్నాడు. పెద్దల చర్చ వింటున్న ఆ బాలుడు హోర్ష్ అనే మాటను లాటిన్‌లోకి మార్చితే సరిపోతుందని సూచించాడు.

జర్మన్ భాషలో హోర్ష్ అనగా ఆలకించు అని అర్థము. లాటిన్‌లో ఆడి అనే క్రియారూపానికి కూడా విను అనే అర్థము ఉంది. తెలుగు పేరుకు సమానార్థకమైన సంస్కృత పదాన్ని తీసుకున్నట్లుగా, అర్థము మారకుండా మాట మాత్రమే మారింది. న్యాయస్థానము తీర్పును అతిక్రమించినట్లు కాలేదు, హోర్ష్ తన పేరును పూర్తిగా వదులుకున్నట్లూ కాలేదు. చిన్నదిగా ఉండి ఏ భాషవారైనా పలుకగల ఈ పేరు అందరికీ నచ్చింది. 1910 ఏప్రిల్‌లో సంస్థ పేరు అధికారికముగా ఆడిగా నమోదయింది.

ఆడి తొలి విజయాలు

మొదటి ఆడి కారు 1910లోనే వెలువడింది. దీనిని 10/22 అనే సంఖ్యలతో పిలిచేవారు. వీటిలో మొదటి సంఖ్య పన్ను విధించడానికి లెక్క కట్టే అశ్వశక్తి, రెండవది ఇంజను వాస్తవముగా ఇచ్చే అశ్వశక్తి. ఆనాటి జర్మన్ కార్లన్నిటికీ ఈ విధముగానే పేర్లు ఉండేవి.

ఆస్ట్రియాలో ఆల్ప్స్ పర్వతాల మీదుగా జరిగే పోటీ ఆ కాలములో కార్లకు అత్యంత కఠినమైన పరీక్ష. నిటారైన కనుమదారులు, రాళ్ళబాటలు, చలి, వాన వీటన్నిటినీ తట్టుకొని, మరమ్మతులు లేకుండా గమ్యము చేరాలి. లోపము కనిపించిన ప్రతిసారీ తప్పు గుర్తులు వేసేవారు. 1911లో హోర్ష్ స్వయముగా ఆడి కారు నడిపి ఒక్క తప్పు గుర్తు కూడా లేకుండా పోటీని పూర్తి చేశాడు. 1912, 1913, 1914 సంవత్సరాలలో ఆడి జట్టు వరుసగా విజయము సాధించింది. ఈ పోటీలలో పాల్గొన్న 14/35 నమూనా కారుకు ఆల్ప్స్ విజేత అనే పేరు స్థిరపడింది. స్థాపించిన నాలుగైదు సంవత్సరాలలోనే ఎవరూ వినని ఒక పేరు నమ్మకానికి గుర్తుగా మారింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమైంది. కార్ల పరిశ్రమ సైన్యము అవసరాల వైపు మళ్ళింది. హోర్ష్ యుద్ధకాలపు ప్రభుత్వ పనులలో నిమగ్నుడయ్యాడు. 1920లో ఆడి నిర్వహణ బాధ్యతల నుండి తప్పుకొని బెర్లిన్ నగరానికి మారాడు. అయితే పర్యవేక్షక మండలి సభ్యునిగా సంస్థతో సంబంధము కొనసాగించాడు. వాహన రంగములో నిపుణునిగా ప్రభుత్వానికి, పరిశ్రమకు సలహాలు ఇచ్చాడు. 1922లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయము ఇతనికి గౌరవ డాక్టరేటు ప్రదానము చేసింది.

ఆటో యూనియన్, నాలుగు వలయాలు

హోర్ష్ లేకుండానే హోర్ష్ సంస్థ కూడా వృద్ధి చెందింది. 1926లో ఎనిమిది సిలిండర్ల కారును వెలువరించి, జర్మనీలో ధనవంతుల కార్లలో అగ్రస్థానము కోసము మెర్సిడెస్ బెంజ్‌తో పోటీపడింది. ఆడి పరిస్థితి దీనికి భిన్నముగా ఉండేది. ఖరీదైన కార్లకు కొనుగోలుదారులు కరువై నష్టాలలో పడిపోయింది. 1928లో డెన్మార్క్ దేశస్థుడైన యోర్గెన్ స్కాఫ్టె రాస్ముస్సెన్ దానిని చేజిక్కించుకున్నాడు. ఇతడు చిన్న కార్లు, మోటారు సైకిళ్ళు తయారు చేసే డి.కె.డబ్ల్యూ. సంస్థ అధిపతి.

ప్రపంచవ్యాప్త ఆర్థిక మాంద్యము ఈ సంస్థలన్నిటినీ దెబ్బతీసింది. అప్పులిచ్చిన సాక్సనీ ప్రభుత్వ బ్యాంకు చొరవతో 1932 జూన్ 29న ఆడి, డి.కె.డబ్ల్యూ., హోర్ష్, వాండరర్ అనే నాలుగు సంస్థల వాహన విభాగాలు కలిసి ఆటో యూనియన్ ఏర్పడింది. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న నాలుగు వలయాలు ఈ నాలుగు సంస్థలకు గుర్తు. చిన్న కార్లు డి.కె.డబ్ల్యూ., మధ్యతరగతి కార్లు వాండరర్, అంతకు పైస్థాయి కార్లు ఆడి, అత్యంత ఖరీదైనవి హోర్ష్ పేరుతో వెలువడేవి. జర్మనీ కార్ల పరిశ్రమలో ఓపెల్ తరువాత రెండవ స్థానము దీనిదే.

23 సంవత్సరాల క్రితము న్యాయస్థానములో ఎదురెదురుగా నిలిచిన రెండు సంస్థలు ఈ విధముగా ఒకే గూటికి చేరాయి. ఆగస్ట్ హోర్ష్ ఆటో యూనియన్ పర్యవేక్షక మండలిలో సభ్యుడయ్యాడు. ఆ హోదాలో, తనను బయటికి పంపిన సంస్థతోనూ ఇతనికి మళ్ళీ సంబంధము ఏర్పడింది. 1937లో తన ఆత్మకథను ప్రచురించాడు. 1939లో జ్వికావు పట్టణము ఇతనిని గౌరవ పౌరునిగా ప్రకటించింది.

యుద్ధకాలములో ఆటో యూనియన్

ఈ సంస్థ చరిత్రలో అత్యంత చీకటి అధ్యాయము రెండవ ప్రపంచ యుద్ధ కాలానికి చెందినది. నాజీ ప్రభుత్వ ఆయుధ ఉత్పత్తిలో ఆటో యూనియన్ భాగస్వామి అయింది. ఆడి సంస్థ స్వయముగా చేయించిన చరిత్ర పరిశోధన 2014లో వెలువడింది. నాజీ నిర్బంధ శిబిరాలలోని 3,700 మందికి పైగా ఖైదీలను, మరో 16,500 మంది వరకు బలవంతపు కార్మికులను ఆటో యూనియన్ కోసము పని చేయించారని అందులో తేలింది. నేటి చెక్ దేశములోని లైట్‌మెరిట్జ్ శిబిరములో సుమారు 4,500 మంది ఖైదీల మరణానికి సంస్థకు నైతిక బాధ్యత ఉందని ఆ పరిశోధన నిర్ణయించింది. సంస్థను యుద్ధకాలములో నడిపి, యుద్ధము తరువాత పశ్చిమ జర్మనీలో తిరిగి నిలబెట్టిన రిచర్డ్ బ్రూన్ పేరు ఇందులో ప్రముఖముగా వినిపించింది. హోర్ష్ ఆ సమయములో వృద్ధుడు. పర్యవేక్షక మండలిలో ఉన్నప్పటికీ దైనందిన నిర్వహణ ఇతని చేతిలో లేదు. అయినా ఇతడు స్థాపించిన రెండు కర్మాగారాలూ ఈ సంస్థలో భాగమే కనుక వాటి కథలో ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టడానికి వీలు లేదు.

చివరి రోజులు

1945లో జర్మనీ ఓటమి తరువాత సాక్సనీ సోవియట్ ఆక్రమిత ప్రాంతములోకి వచ్చింది. జ్వికావులోని కర్మాగారాల యంత్రాలను విప్పి తరలించారు. తరువాత కర్మాగారాలు ప్రభుత్వపరమయ్యాయి. 1948లో ఆటో యూనియన్ పేరును కెమ్నిట్జ్ వ్యాపార పట్టిక నుండి తొలగించారు. పశ్చిమానికి తరలివెళ్ళిన ఉద్యోగులు కొందరు 1949 సెప్టెంబర్‌లో బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ పట్టణములో అదే పేరుతో కొత్త సంస్థను ప్రారంభించారు.

హోర్ష్ కూడా జ్వికావును విడిచి బవేరియా ఉత్తర భాగములోని మ్యూన్ష్‌బెర్గ్ పట్టణములో నివసించాడు. 1951 ఫిబ్రవరి 3న తన 82వ యేట అక్కడే మరణించాడు. ఇతని భౌతికకాయాన్ని జన్మస్థలమైన విన్నింగెన్‌లో ఖననము చేశారు. ఇతడు మరణించే నాటికి ఆడి పేరుతో కార్లు తయారు కావడము లేదు. ఇంగోల్‌స్టాట్ సంస్థ డి.కె.డబ్ల్యూ. కార్లను మాత్రమే తయారు చేస్తుండేది. తాను పెట్టిన పేరు మళ్ళీ వెలుగులోకి వస్తుందని ఊహించే అవకాశము హోర్ష్‌కు లేదు.

మరణానంతరము

ఆటో యూనియన్ 1958లో డైమ్లర్ బెంజ్ సంస్థ చేతికి, 1960వ దశకము మధ్యలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ చేతికి వెళ్ళింది. డి.కె.డబ్ల్యూ. కార్లలోని రెండు స్ట్రోకుల ఇంజనుకు అప్పటికి ఆదరణ తగ్గిపోయింది. నాలుగు స్ట్రోకుల ఇంజనుతో కొత్త కారు సిద్ధమైనప్పుడు, పాత ఇంజనుతో ముడిపడిన పేరు పెట్టడానికి వెనుకాడి, 1965లో ఆడి అనే పేరును తిరిగి తెచ్చారు. ఫోక్స్‌వ్యాగన్ యాజమాన్యము కొత్త నమూనాలు వద్దన్నా ఇంజనీరు లుడ్‌విగ్ క్రౌస్ రహస్యముగా రూపొందించిన ఆడి 100 అనే కారు 1968లో వెలువడి సంస్థను నిలబెట్టింది. 1969లో ఎన్.ఎస్.యు. అనే మరో సంస్థ దీనిలో కలిసింది. 1985లో సంస్థ మొత్తానికి ఆడి అనే పేరే స్థిరపడింది.

1980లో వెలువడిన క్వాట్రో కారు నాలుగు చక్రాలకూ శక్తిని అందించే పద్ధతిని ర్యాలీ పోటీలలో విజయవంతము చేసింది. 1994లో అల్యూమినియము శరీరముతో ఎ8 కారు వచ్చింది. ఈ రెండింటితో సాంకేతిక నైపుణ్యానికి మారుపేరుగా ఆడి గుర్తింపు పొందింది. భారతదేశములో 2007 నుండి ఔరంగాబాదులో (నేటి ఛత్రపతి శంభాజీనగర్) ఆడి కార్ల కూర్పు మొదలయింది.

ఈ ప్రతిష్ఠకు 2015లో పెద్ద దెబ్బ తగిలింది. కాలుష్య పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేరును డీజిలు కార్లలో అమర్చినట్లు బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ కుంభకోణములో ఆడికి కూడా భాగమున్నట్లు తేలింది. 2018లో జర్మనీ అధికారులు ఆడికి 80 కోట్ల యూరోల జరిమానా విధించారు. కారు నాణ్యతను రహదారి మీద పరీక్షించి నిరూపించాలని నమ్మిన వ్యక్తి స్థాపించిన సంస్థ, పరీక్షనే మోసగించిందన్న విమర్శను ఎదుర్కొంది.

విశేషాలు

* జ్వికావులోని హోర్ష్, ఆడి కర్మాగారాలలో తూర్పు జర్మనీ కాలములో ట్రాబాంట్ అనే చిన్న కారు తయారయ్యేది. 1957 నుండి 1991 వరకు 30 లక్షలకు పైగా ట్రాబాంట్ కార్లు వెలువడ్డాయి. అత్యంత ఖరీదైన కార్లకు పుట్టినిల్లయిన చోటే సామాన్యుల కారు తయారవడము విశేషము.
* 1950వ దశకములో తూర్పు జర్మనీ తన కొత్త పెద్ద కారుకు హోర్ష్ అనే పేరు పెట్టింది. ఆ పేరుపై పశ్చిమ జర్మనీ సంస్థకు హక్కు ఉండడముతో దానిని జాక్సెన్‌రింగ్‌గా మార్చవలసి వచ్చింది. హోర్ష్ పేరు మీద వివాదము ఈ విధముగా ఇతని మరణానంతరము కూడా కొనసాగింది.
* జ్వికావులోని పాత ఆడి కర్మాగార ఆవరణలో ఆగస్ట్ హోర్ష్ పేరుతో మోటారు వాహనాల ప్రదర్శనశాల ఉంది.
* 2021లో చైనా మార్కెట్టు కోసము తయారు చేసిన ఎ8 కారు ఒక రకానికి ఆడి సంస్థ హోర్ష్ అనే పేరు పెట్టింది. ఒకప్పుడు ఆ పేరు వాడరాదన్న తీర్పు వలన పుట్టిన సంస్థే 111 సంవత్సరాల తరువాత దానిని తన కారు మీద వ్రాసుకుంది.
* అదే 2021లో జ్వికావులోని ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారములో ఆడి విద్యుత్ కార్ల తయారీ ప్రారంభమై, ఆడి పేరు తన పుట్టిన పట్టణానికి తిరిగి చేరింది.